రంగు వేసిన రోజు కత్తెర పట్టొద్దు: చేతి కాగితంతో అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ

హ్యాండ్‌మేడ్ కాగితానికి రంగులు పూసి, కత్తిరించి, ఆ ముక్కలతో ఒక అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ, అంటే ఏ వస్తువునూ పోలని బొమ్మ, చేయడం చూడబోతే ఐదారు గంటల పని. అయినా మూడు రోజులు పెట్టుకోండి. ఒక రోజు రంగుకు, ఒక రోజు కత్తెరకు, ఒక రోజు జిగురుకు. వరుసగా మూడు రోజులు కానక్కర్లేదు, మూడు ఆదివారాలైనా సరే.

తొలిసారి నేను పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి గోడకు తగిలించేద్దామనుకున్నాను. తడి ఆరని కాగితం కత్తిరిస్తే అంచులన్నీ పీచు లేచాయి. పక్కనే కత్తెర పెట్టుకుని రంగు వేస్తుంటే ప్రతి కాగితం మీదా "ఇది దేనికి పనికొస్తుంది" అన్న ఆలోచనే. చేయి బిగుసుకుపోయింది. ఆకుపచ్చ వేస్తే ఆకు కోయాలనిపించింది, నీలం వేస్తే అల కోయాలనిపించింది. అంతా అతికించాక మా పిన్ని చూసి "బాగుందే, సముద్రమా?" అంది. నేను సముద్రం చేద్దామనుకోలేదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన ఫ్రెంచ్ చిత్రకారుడు ఆన్రీ మాటిస్ ఎలా పనిచేశాడో తెలిశాక నా తప్పు అర్థమైంది. 1941లో పెద్ద ఆపరేషన్ జరిగాక ఆయనకు ఎక్కువసేపు నిలబడి బొమ్మలు వేసే ఓపిక లేకపోయింది. సహాయకులు కాగితాలకు గువాష్ (నీళ్లలో కలిపి చిక్కగా పూసే రంగు) పూసి ఆరబెట్టి ఉంచేవారు. ఆయన మంచం మీదో, చక్రాల కుర్చీలోనో కూర్చుని వాటిని కత్తెరతో కోసేవాడు. ఆ ముక్కల్ని సహాయకులు ఆయన చూపించిన చోట గోడకు గుండుసూదులతో గుచ్చేవారు, కుదరకపోతే తీసి జరిపేవారు. జిగురు సంగతి అన్నిటికన్నా ఆఖరున. 1953లో అలా చేసిన 'నత్త' లండన్‌లోని టేట్ మ్యూజియం సంగ్రహంలో ఉంది. ఎత్తు, వెడల్పు రెండూ దాదాపు 2.86 మీటర్లు. అందులో నత్త ఎక్కడా కనబడదు, పెద్ద పెద్ద రంగు ముక్కలు గుల్లలా చుట్టు తిరిగి ఉంటాయి, అంతే. అంటే రంగు పూసిన చేయి వేరు, కోసిన చేయి వేరు, గుచ్చిన చేయి వేరు. మనకు సహాయకులు లేరు కాబట్టి ఆ పనుల్ని వేర్వేరు రోజులకు పంచుకుందాం.

కాగితం

ఇక్కడ తొందరపడకండి, సగం పని కాగితం ఎంచుకోవడంలోనే అయిపోతుంది. మన దేశంలో మంచి హ్యాండ్‌మేడ్ కాగితం ఎక్కువగా నూలు బట్టల కత్తిరింపుల నుంచి వస్తుంది. బనియన్లు, టీషర్టులు కుట్టే చోట మిగిలే ముక్కల్ని నలగ్గొట్టి నీళ్లలో గుజ్జు చేస్తారు. చెక్క చట్రానికి బిగించిన జాలిని ఆ తొట్టిలో ముంచి పైకెత్తితే నీళ్లు కారిపోయి పీచు పొరలా నిలుస్తుంది. దాన్ని బట్ట మీద బోర్లించి, నొక్కి, ఆరేస్తారు. చట్రం అంచుల్లోంచి జారిన గుజ్జు వల్లే కాగితానికి నాలుగువైపులా ఆ ఎగుడుదిగుడు అంచు వస్తుంది.

దీని గొప్పతనం తెలియాలంటే ఒక పాత దినపత్రిక తీసుకోండి. నిలువుగా చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది. మిషన్ కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిక్కున పడుకుని ఉంటుంది మరి. చేతి కాగితంలో పీచు అన్ని వైపులకూ కలగాపులగంగా ఉంటుంది. ఎటు చింపినా ఒకేలా చిరుగుతుంది, తడిస్తే అన్ని వైపులకూ ఒకేలా సాగుతుంది. ముక్కను ఎలా తిప్పి అతికించినా పేచీ పెట్టదు. మనం చేసేదే ముక్కల్ని తిప్పి తిప్పి చూసే పని కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు.

జైపూర్ పక్కనున్న సంగనేర్ ఈ కాగితానికి పెద్ద కేంద్రం. పాండిచ్చేరిలో అరవిందాశ్రమం వారి కాగితం కేంద్రం 1959 నుంచి ఉంది. మన పాలమూరు వైపు కోయిలకొండ కూడా ఒకప్పుడు చేతి కాగితానికి పేరున్న ఊరే. ఇప్పుడు మనకు దొరికేది ఎక్కువగా ఖాదీ భండార్లలో, ఆర్ట్ సామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో. కొనేటప్పుడు జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో, అడగండి. కోసే ముక్కలకు 120 నుంచి 150 జీఎస్ఎం చాలు. అంతకన్నా పల్చనిది రంగు తడికి ఉల్లిపొరలా ముడుచుకుంటుంది, 200 దాటితే ఒంపులు కోయడానికి బొటనవేలు నొప్పెడుతుంది. అడుగున వేసే కాగితం మాత్రం 250 నుంచి 300 ఉండాలి, లేకపోతే ముక్కల బరువుకీ జిగురు తడికీ వంగిపోతుంది.

పూరేకులు, గడ్డిపరకలు కలిపిన కాగితం చూసి మోజు పడకండి. పెళ్లి కార్డులకు అది అందమే. ఇక్కడ మాత్రం మీరు వేయని బొమ్మ ముందే అందులో ఉంటుంది. పైగా ఆ రేకులు కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరుగుతాయి.

ఇంటికి తెచ్చాక ఒక మూల నీటిచుక్క వేసి చూడండి. అర నిమిషం పాటు పూసలా నిలబడితే ఆ కాగితానికి సైజింగ్ (తడి ఇంకకుండా పట్టించే గంజి లాంటిది) ఉన్నట్టు, రంగు పైనే నిలుస్తుంది. అద్దుడు కాగితంలా వెంటనే పీల్చేస్తే సైజింగ్ లేనట్టే. పారేయక్కర్లేదు. నూలు చీరకు పెట్టినట్టే దానికీ గంజి పెట్టాలి. పల్చటి గంజిని వడకట్టి, వెడల్పాటి బ్రష్‌తో రెండు వైపులా ఒక పూత పూసి, క్లిప్పులతో తాడుకు ఆరేయండి. ఆరాక గలగలమంటుంది. ఆ చప్పుడు వస్తే రంగుకు సిద్ధమైనట్టే.

మొదటి రోజు: రంగు

ఎ4 సైజు కాగితాలు పది తీసుకోండి. రంగుల డబ్బాలు ఎక్కువ కొనకండి, ఐదు చాలు: అల్ట్రామెరైన్ నీలం, ఎరుపు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), తెలుపు. తెలుపు మాత్రం పెద్ద డబ్బా తీసుకోండి. నల్లరంగు కొననే వద్దు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ అంబర్ కలిపితే వచ్చే ముదురు రంగు డబ్బాలోని నలుపు కన్నా లోతుగా ఉంటుంది, పక్క రంగుల్ని చంపదు.

గువాషా, పోస్టర్ కలరా, అక్రిలిక్కా అని అందరూ అడుగుతారు. నా ఓటు గువాష్‌కే. ఆరాక మెరవదు, మట్టిగోడలా మెత్తగా కనబడుతుంది, కాగితం కాగితంలాగే ఉంటుంది. అక్రిలిక్ మందంగా పూస్తే ప్లాస్టిక్ తొడిగినట్టుంటుంది. కానీ గువాష్‌కు, పోస్టర్ కలర్‌కు ఒక బలహీనత ఉంది. ఆరాక కూడా తడి తగిలితే మళ్లీ కరుగుతాయి, జిగురు రోజున జాగ్రత్త పడాలి. ఆ టెన్షన్ వద్దనుకునేవాళ్లు అక్రిలిక్‌నే నీళ్లు కలిపి పల్చగా వాడుకోవచ్చు. పసుపు నీళ్లు, పూల రసాలు ముచ్చటగానే ఉంటాయి గానీ వెలుగు తగిలితే ఇట్టే వెలిసిపోతాయి. మిలమిలలాడే ఫ్లోరసెంట్ రంగులూ అంతే. ఏ రంగు మీద అనుమానం ఉన్నా ఒక పట్టీకి పూసి, సగం అట్టతో మూసి, నెల రోజులు కిటికీకి అంటించండి. అట్ట తీస్తే నిజం తెలుస్తుంది.

రంగు చిక్కటి మజ్జిగలా ఉండాలి. గరిటె జారుడు దోసె పిండి కన్నా కొంచెం పల్చన. రెండంగుళాల గోడ బ్రష్ తీసుకుని ముందు అడ్డంగా, అది తడిగా ఉండగానే నిలువుగా పూయండి. గోడకు సున్నం వేసినట్టే. ఒక పూతకు నిండకపోతే, పూర్తిగా ఆరాక రెండోది వేయండి. సగం ఆరినప్పుడు బ్రష్ పెడితే కింది రంగు లేచి మచ్చలు పడతాయి.

ఏయే రంగులు కలపాలి? చీరల కొట్లో రంగులు చెప్పుకున్నట్టు చెప్పుకుంటే తేలిక. నేరేడుపండు, ఇటుక, గంధం, నెమలికంఠం, మామిడిచిగురు, బూడిద. పది కాగితాల్లో మూడు బాగా ముదురు, నాలుగు మధ్యరకం, రెండు లేత, ఒక్కటి మాత్రం కళ్లకు కొట్టే రంగు. ఆ ఒక్కటీ రెండు కాకుండా చూసుకోండి. గద్వాల చీరను గుర్తు తెచ్చుకోండి. ఒళ్లంతా నెమ్మదైన నూలు, అంచూ పమిటా మాత్రం గట్టి రంగు పట్టు. ఒళ్లు ఎక్కువ, అంచు తక్కువ కాబట్టే ఆ అంచు అంత పలుకుతుంది.

అన్నీ నున్నగా పూయకండి. రెండు మూడు కాగితాల మీద ఆటలాడండి. తడి రంగు మీద దువ్వెన లాగితే కింది తెలుపు గీతలుగా బయటపడుతుంది. దాదాపు ఎండిపోయిన బ్రష్‌ను కాగితం మీద తేలిగ్గా ఈడిస్తే రంగు ఆ గరుకు మీద గుట్టలకే అంటుకుని గుంతలు తెల్లగా మిగులుతాయి. చేతి కాగితం అసలు అందం అక్కడే కనబడుతుంది, నున్నటి మిషన్ కాగితం మీద ఇది రమ్మన్నా రాదు. కొవ్వొత్తితో నాలుగు గీతలు గీసి పైన పల్చటి రంగు పూస్తే మైనం ఉన్నచోట రంగు పట్టదు. నీళ్లలాంటి రంగు తడిగా ఉండగా కల్లుప్పు చల్లి వదిలేయండి, ఆరాక ఉప్పు దులిపితే పొగమంచు లాంటి మచ్చలు వస్తాయి. ఇవన్నీ మసాలా. పది కాగితాలూ మసాలా అయితే తినలేం.

ఆరాక కాగితాలు రంగు వైపుకు ముడుచుకుంటాయి. పూత ఆరుతూ కుంచించుకుంటుంది కాబట్టి అది మామూలే. వెనక్కి తిప్పి శుభ్రమైన నీళ్లతో తేలిగ్గా తడిపి, పాత పంచె గుడ్డల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు రాత్రంతా ఉంచండి. న్యూస్‌పేపర్ల మధ్య పెట్టకండి, అక్షరాలు అంటుతాయి. అక్రిలిక్ పూసిన కాగితాల్ని ముఖాముఖి పేర్చకండి, బరువు కింద ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక ఆ రోజుకు పని అయిపోయింది. కత్తెర బీరువాలోనే ఉండనివ్వండి.

రెండో రోజు: కత్తెర

పెన్సిలు పక్కన పెట్టేయండి. అన్నిటికన్నా కష్టమైన సలహా ఇదే, ఎవరికి చెప్పినా నమ్మరు. ముందు గీసుకుని గీత మీద కోస్తే చేయి గీతకు కాపలా కాస్తుంది, ఆకారం చచ్చిపోతుంది. ముగ్గు వేసే అలవాటున్నవాళ్లకు చేయి ఎలా నడవాలో బాగా తెలుసు, కానీ ముగ్గుకు చుక్కలుంటాయి. ఇక్కడ చుక్కలు లేవు.

కత్తెర పొడుగ్గా ఉండాలి, కనీసం ఎనిమిదంగుళాలు. ఇంట్లో బట్టలు కత్తిరించేది మాత్రం తీయకండి. కాగితానికి దాని పదును పోతుంది, ఇంట్లో గొడవ అవుతుంది. కత్తెరను పూర్తిగా తెరిచి, మొన దాకా మూయకుండా, ముప్పాతిక దగ్గరే ఆపి మళ్లీ ముందుకు తోయండి. ప్రతిసారీ మొన దాకా మూస్తే అక్కడక్కడా చిన్న నొక్కులు పడతాయి. ఒంపు వచ్చినప్పుడు కత్తెర తిప్పకండి, ఎడమ చేత్తో కాగితాన్ని తిప్పండి. కత్తెర పట్టిన చేయి దాదాపు కదలకూడదు. పది నిమిషాలు పాత కాగితాల మీద ఒక్క గుక్కలో ఒంపులు కోయడం సాధన చేస్తే ఆ తేడా మీకే తెలుస్తుంది.

తిన్నని అంచులకు కట్టర్ మేలు. నూలు పీచు గట్టిది, మొద్దు బ్లేడు దాన్ని తెంచదు, లాగుతుంది. రెండు కాగితాలకోసారి బ్లేడు మొన విరిచేయండి. ఒక్కసారే గట్టిగా నొక్కకుండా అదే గీత మీద మూడుసార్లు తేలిగ్గా లాగండి. కింద మందపాటి అట్ట పెట్టుకోండి, వేళ్లు ఇనుప స్కేలుకు బాగా వెనక ఉంచండి.

మూడో దారి చింపడం. నేనైతే ప్రతి బొమ్మలోనూ రెండు మూడు ముక్కలు చింపినవే పెడతాను. నీళ్లలో ముంచిన సన్న బ్రష్‌తో కాగితం వెనక ఒక గీత గీసి, అర నిమిషం ఆగి, రెండు చేతులా మెల్లగా లాగండి. గీత వెంటే విడిపోయి, అంచున పొడుగాటి పీచు మిగులుతుంది. పొడిగా చింపితే మరో రకం. విడిపోయిన రెండు ముక్కల్లో ఒకదానికి రంగు పక్కనే తెల్లటి పట్టీ బయటపడుతుంది. ఆ తెల్ల పట్టీ రెండు ముదురు రంగుల మధ్య పడిందంటే, అంత సన్నటి తెల్ల గీత మీరు బ్రష్‌తో ఎన్నిసార్లు వేసినా రాదు. కాగితం సహజపు అంచును కూడా పూర్తిగా కోసేయకండి. ఒకటి రెండు చోట్ల మిగిల్చితే చూసేవాళ్లకు ఇది కాగితమని తెలుస్తుంది.

పెద్దవి, మధ్యవి, చిన్నవి కలిపి నలభై దాకా ముక్కలు చేయండి. బొమ్మలోకి వెళ్లేవి పన్నెండో పదిహేనో. మిగతావి వృథా కాదు. కోసిన ఆకారం తీసేశాక మిగిలిన కన్నం ఉన్న కాగితాన్ని తప్పకుండా దాచండి. మీరు ఆలోచించి కోసిన ఆకారం కన్నా, ఆలోచించకుండా మిగిలిన ఆ రంధ్రమే చాలాసార్లు బాగుంటుంది.

పేర్చడం

అడుగు కాగితాన్ని థర్మోకోల్ షీటు మీద పెట్టి గోడకు ఆనించండి. బల్ల మీద పేర్చితే పై నుంచి చూస్తాం, గోడ మీద చూసేటప్పుడు బరువు వేరుగా కనబడుతుంది. గుండుసూదుల్ని ముక్క మధ్యలో గుచ్చకండి, అంచు పక్కగా గుచ్చండి.

ముందు అన్నిటికన్నా పెద్ద ముదురు ముక్క పెట్టండి, కానీ మధ్యలో వద్దు. కొంత భాగం అడుగు కాగితం అంచు దాటి బయటికి పోయినా పరవాలేదు. నిజానికి అలా పోతేనే బొమ్మ పెట్టెలో పెట్టినట్టు కాకుండా బయటి నుంచి లోపలికి వచ్చినట్టుంటుంది. తర్వాత దానికి ఎదురుగా ఒక మధ్యరకం. రెండింటి మధ్య ఖాళీని కూడా ఒక ముక్కలాగే చూడండి. ఆ ఖాళీ అంతటా ఒకే వెడల్పులో ఉంటే బండలు పరిచినట్టుంటుంది. ఒకచోట ఇరుకవ్వాలి, ఒకచోట విశాలమవ్వాలి. రెండు మొనలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు వచ్చిన చోట చూపు ఆగిపోతుంది. అది మీకు కావాలంటే ఉంచండి, అక్కర్లేదంటే ఒకదానిమీదొకటి ఎక్కించండి.

కళ్లకు కొట్టే రంగు ముక్క ఆఖరున పెట్టాలి. అది అన్నిటికన్నా చిన్నదిగా ఉండాలి.

ఇప్పుడు సముద్రాలు, చేపలు వస్తాయి. మనిషి కన్ను ఏ రెండు చుక్కలు కనబడ్డా మొహం చేసేస్తుంది. బొమ్మను తలకిందులు చేయండి, పక్కకు తిప్పండి. ఏ దిక్కున చూసినా ఏ వస్తువూ గుర్తు రాకుండా, అయినా నిలకడగా ఉంటే దారిలో పడ్డట్టు. అడ్డంగా ఒక గీత వచ్చి పైన లేత, కింద ముదురు ఉంటే అది ఆకాశం, నేల అయిపోతుంది. ఆ గీతను విరగ్గొట్టండి. గుండ్రటి ముక్క పై సగంలో ఉంటే సూర్యుడే, కిందికి దించండి లేదా కొంత కోసేయండి.

ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. రంగులో ఎరుపు, ఆకుపచ్చ కొట్టుకుంటున్నట్టు ఉన్నా, బూడిదలో రెండూ ఒకటైపోవచ్చు. అప్పుడు బొమ్మ దూరానికి చప్పగా కనబడుతుంది. ఒకదాన్ని ముదురు ముక్కతో మార్చండి. ప్రతి మార్పుకూ ఒక ఫోటో తీసి ఉంచుకోండి. పది మార్పుల తర్వాత మూడోదే బాగుందని తేలడం నాకు మామూలే.

బాగుందనిపించినా ఆ రాత్రి అతికించకండి. పొద్దున్నే నిద్ర కళ్లతో దాని ముందు నుంచి నడిచి వెళ్లండి. ఏ ముక్క ముందు చూపు గుచ్చుకుందో దాన్ని తీసేసి చూడండి. చాలాసార్లు తీసేయడంతోనే పని పూర్తవుతుంది.

మూడో రోజు: జిగురు

గ్లూ స్టిక్ వద్దు, ఆర్నెల్లకు మూలలు లేస్తాయి. చెప్పులు అతికించే రబ్బరు సొల్యూషన్ అసలే వద్దు, పసుపు మరకలు పైకి తేలతాయి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు గట్టిదే, కానీ ఒకసారి పడితే ముక్క ఊడి రాదు. నాకు మైదాపిండి జిగురే ఇష్టం. గాలిపటాలకు వాడే లై అదే కదా. తప్పుగా అతికితే తడిగుడ్డ పెట్టి మెల్లగా లేపుకోవచ్చు.

ఒక చెంచా మైదాకు ఆరు చెంచాల నీళ్లు. ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉడికించండి. తెల్లదనం పోయి, గాజులా మారి, గరిటెకు పట్టుకునేదాకా. పల్చటి గుడ్డలో వడకట్టి పూర్తిగా చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది, పులిసిన వాసన వస్తే పారేయండి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం పాత అలవాటు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. పూర్తిగా ఆరిన బొమ్మకు, పొడి గోడకు పురుగు అంత తేలిగ్గా రాదు.

సూదులు తీసే ముందు చివరి ఫోటో తీయండి. ప్రతి ముక్క వెనక పెన్సిలుతో అంకె వేయండి, అడుగున వచ్చేది ఒకటి. అడుగు కాగితం మీద ప్రతి ముక్క మూలల దగ్గర కనబడీ కనబడనట్టు చుక్కలు పెట్టుకోండి. (పెన్సిలుకు ఇప్పుడు అనుమతి ఉంది.)

ముక్కను బోర్లించి, మధ్య నుంచి అంచులకు జిగురు పూయండి. పల్చగా, కానీ అంచు దాకా. కింద పరిచిన కాగితాన్ని ప్రతి ముక్కకూ మార్చండి, లేకపోతే ఒక ముక్క జిగురు మరో ముక్క ముఖానికి అంటి గువాష్ కరుగుతుంది. పూశాక ఒక నిమిషం ఆగండి. కాగితం తడి పీల్చి సాగుతుంది. సాగడం పూర్తయ్యాక పెడితే ముడతలు రావు, వెంటనే పెడితే అతుక్కున్నాక సాగి బుడగలు లేస్తాయి. చుక్కలు చూసుకుని పెట్టి, పైన బటర్ పేపర్ వేసి, మధ్య నుంచి బయటికి చెంచా వీపుతో నెమ్మదిగా రుద్దండి. బయటికి వచ్చిన జిగురును పిండేసిన దూదితో అద్దండి, తుడవకండి.

నాలుగైదు ముక్కలు పెట్టాక ఆపి, బటర్ పేపర్, గుడ్డ, చదునైన చెక్క, పైన పుస్తకాలు పెట్టి రెండు గంటలు వదిలేయండి. తర్వాత మిగతావి. అన్నీ అయ్యాక రాత్రంతా బరువు కిందే ఉంచండి. అడుగు కాగితం ఇంకా వంగుతుంటే దాని వెనక కూడా అదే జిగురుతో ఒక మామూలు కాగితం అతికించండి. వెనక లాగుడు ముందు లాగుడికి సరిపోతుంది.

ఫ్రేము

జిగురు పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది. వారం రోజులు ఫ్యాన్ గాలికి వదిలేయండి. ఒకసారి శ్రావణమాసంలో మూడో రోజే అద్దం బిగించేశాను, దీపావళికి లోపల బూజు చుక్కలు. కోస్తా ఊళ్లలో ఉండేవాళ్లు ఈ పని ఎండాకాలంలో పెట్టుకుంటే మరీ మంచిది.

అద్దం కాగితానికి తగలకూడదు. మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ చట్రంలా వేసే మందపాటి అట్ట) గానీ, అంచుల్లో సన్నటి చెక్క పట్టీ గానీ పెట్టమనండి. వెనక వేసే అట్ట గురించి ఫ్రేము కట్టేవాళ్లను తప్పకుండా అడగండి. నేను అడగలేదు. ఒక చోట మామూలు బూడిదరంగు అట్ట వేసి ఇచ్చారు, రెండేళ్లకు దాని ఆమ్లం ఎక్కి అడుగు కాగితం అంచులు టీ ఒలికినట్టయ్యాయి. ఆమ్లం లేని బోర్డు కావాలని గట్టిగా చెప్పండి. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు బిరడా ముక్కలు అతికిస్తే గోడ చెమ్మ తగలకుండా గాలి ఆడుతుంది. నేరుగా ఎండ పడే గోడ వద్దు.

మిగిలిన ముక్కలు పారేయకండి. అక్రిలిక్ పూసినవి వేరు చేసేయండి, అవి నానవు. గువాష్, పోస్టర్ కలర్ ముక్కల్ని చిన్నగా చింపి రాత్రంతా నానబెట్టి, నిండా నీళ్లు పోసి మిక్సీలో కొద్దికొద్దిగా తిప్పండి. పాత ఫోటో ఫ్రేముకు దోమల జాలి బిగించి, వెడల్పాటి టబ్బులో ఆ గుజ్జును ఎత్తి, గుడ్డ మీద బోర్లించి, స్పాంజితో అద్ది నీడలో ఆరేయండి. మిక్సీ పీచును పొట్టిగా తెంపుతుంది కాబట్టి ఈ కాగితం బలంగా ఉండదు, కోయడానికి పనికిరాదు. కానీ రంగు రంగుల నలకలతో బూడిదగా వచ్చే ఈ కాగితం మందంగా చేసుకుంటే తర్వాతి బొమ్మకు అడుగున వేసుకోవచ్చు. ఆ మిక్సీ జారును మళ్లీ వంటకు వాడకూడదు. మా ఇంట్లో దాని మీద పెద్ద అక్షరాలతో "కాగితం" అని రాశాను, అయినా ఎవరి చేతికీ అందకుండా అటక మీదే పెడతాను.